చట్టం మార్చారు, చెప్పేదెవరు?

తెలంగాణ ప్రభుత్వ కార్మిక, ఉపాధి, శిక్షణ, కర్మాగారాల శాఖ ఉన్నతాధికారులకు,



అయ్యా, అమ్మా,

మా నస్పూర్లో పదిహేను మంది పనివాళ్లతో గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డింగ్ షాపు ఒకటి ఉందనుకోండి. అన్నీ కరెంటు మీద నడిచే మిషన్లే. దాని యజమాని నడుపుతున్నది ఫ్యాక్టరీయా, కాదా? 2025 నవంబర్ 20 దాకా అయితే ఫ్యాక్టరీయే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పది మంది ఉంటే చాలు. మర్నాడు, నవంబర్ 21న, కొత్త వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో ఆ లెక్క ఇరవైకి పెరిగింది. కాబట్టి ఇప్పుడు ఫ్యాక్టరీ కాదు. ఆ ఒక్క రాత్రిలో షాపులో గ్రైండర్ మారలేదు, గ్యాస్ సిలిండర్ మారలేదు, పనివాడి కళ్లకు అద్దాలు రాలేదు.

మరి ఆయన చట్టం నుంచి పూర్తిగా బయటపడ్డాడా అంటే అదీ లేదు. పది మంది దాటారు కనుక కోడ్ లెక్కలో అది ఒక సంస్థ. రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. నలభై ఏళ్లు దాటినవాళ్లకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని కేంద్రం ఘనంగా ప్రకటించింది. పనిచోట ప్రమాదం లేకుండా చూసే బాధ్యత ఎలాగూ ఆయనదే. దానికి తోడు, మార్పు జరిగే కాలంలో పాత చట్టాల కింది నిబంధనలు కొనసాగుతాయని కూడా అదే రోజు చెప్పారు. ఏవి కొనసాగుతున్నాయి, ఏవి పోయాయి, ఎంతకాలం? 13 చట్టాలను కలిపి ఒకటి చేసిన మాట నిజమే. చదవాల్సినవి మాత్రం తగ్గలేదు. పాతవి పదమూడు, కొత్తది ఒకటి, వాటి మధ్య ఏది చెల్లుతుందో తెలియని సందిగ్ధం మరొకటి.

ఇదంతా ఆ యజమానికి చెప్పాల్సింది ఎవరు? గెజిటా? పోర్టలా? ఫారాలు నింపి పెట్టే ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడా?

ఈ లేఖ రాయడానికి కారణం ఆ ప్రశ్నే. చట్టం మార్చే అధికారం ప్రభుత్వాలది, మార్చారు. మార్చినదాన్ని చిన్న యజమాని చేత చేయించే పని ఎవరిదీ కాదన్నట్టు ఉండే ధోరణి ఒకటుంది. దాన్ని ఒప్పుకోలేను. "చట్టం తెలియదనడం సాకు కాదు" అని న్యాయస్థానం అంటే అర్థముంది. చట్టాన్ని అమలు చేయించాల్సిన శాఖ కూడా అదే మాట అని చేతులు దులుపుకోవచ్చా?

నేను బొగ్గు గనిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సీసీసీ కార్నర్ నుంచి శ్రీరాంపూర్ దాకా రోడ్డు పక్కన షాపులు నడిపేవాళ్లలో నా ఈడువాళ్లు, నా తోటివాళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. గనిలో ఉద్యోగం దొరకని కొడుకు తండ్రి రిటైర్మెంట్ డబ్బుతో లేతు మిషన్ కొనుక్కుంటాడు. ఇంకొకడు సెంట్రింగ్ సామాను కొని మేస్త్రీ అవుతాడు. వాళ్లు దుర్మార్గులు కారు. వాళ్లతో మాట్లాడితే వినిపించే మాట ఒక్కటే: "రూల్ ఏందో చెప్పున్రి, చేస్తం. చెప్పకుంట ఫైన్ ఎట్ల ఏస్తరు?" ఆ మాటలో కొంత తప్పించుకునే తెలివి కూడా లేకపోలేదు, నాకు తెలుసు. రూల్ చెప్పినా చేయనివాడు చేయడు. అయినా, చెప్పి చూడకుండా ఎవడు చేసేవాడో ఎవడు చేయనివాడో మీకెలా తెలుస్తుంది?

ఫైను మాట వచ్చింది కనుక అదీ చూద్దాం. కొత్త కోడ్‌లో సాధారణ ఉల్లంఘనకు కనీస జరిమానా 2 లక్షలు, గరిష్ఠం 3 లక్షలు. పదిహేను మంది షాపుకు 2 లక్షలంటే మూతపడటమే. వేల కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకి అది ఒక పూట విందు ఖర్చు. పనివాడు చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ అన్నారు. 'లేదా' ఉన్న చోట ఎవరు జైలుకు పోతారో, ఎవరు చెక్కు రాసి బయటపడతారో మీకు నేను చెప్పాలా?

నస్పూర్‌లో ఇళ్లు కట్టేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలో సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపైతే మినహాయింపు. కొత్త కోడ్‌లో దాన్ని 50 లక్షలకు పెంచారు. ధరలు పెరిగాయి, నిజమే. కానీ నస్పూర్, తీగల్‌పహాడ్, మంచిర్యాల శివార్లలో లేస్తున్న ఇళ్లలో ఎన్ని 50 లక్షలు దాటుతాయి? రెండంతస్తుల ఇంటి స్లాబు మీద సెంట్రింగ్ విప్పుతూ జారి పడేవాడికి ఆ ఇంటి ఖర్చుతో ఏం పని? ఎత్తు అదే, కింద ఉన్న ఇనుప చువ్వలు అవే. పది మంది కన్నా తక్కువ మంది పనిచేసే కట్టుబడి ఎలాగూ లెక్కలోకి రాదు. అంటే మా ఊళ్లో కట్టుబడి పనిలో అధిక భాగాన్ని ఒక్క వాక్యంతో చట్టం బయట నిలబెట్టారు. ఇక్కడ యజమానికి పాటించాల్సిన రూలే లేదు కదా, సాయం దేనికని మీరనవచ్చు. నా వాదన దీనికి తలకిందులు. రూలు లేని చోటే చెప్పేవాడు ఎక్కువ కావాలి. తాడు, బెల్టు, హెల్మెట్, గట్టి పరంజా - ఇవి ఎక్కడ దొరుకుతాయో, ఎంతవుతాయో, ఎలా కట్టుకోవాలో చెప్పడానికి గెజిట్ అక్కర్లేదు.

పని ప్రాణాంతకమైతే ఒక్కరే పనిచేసే చోటికైనా కోడ్‌ను వర్తింపజేసే వీలు ప్రభుత్వానికి ఉందని కోడ్ తెచ్చినవాళ్లే గొప్పగా చెప్పుకున్నారు. గ్యాస్ కటింగ్, రాయి క్రషర్, ఎత్తుమీద కట్టుబడి, మురుగు ట్యాంకు శుభ్రం చేయడం - ఈ పనులకు ఆ వీలు వాడమని మీ శాఖ ఎవరినైనా అడిగిందా? అడిగి ఉంటే ఆ ఉత్తరం బయటపెట్టండి. సంతోషిస్తాం.

ఇప్పుడు మా గని గేటు లోపలి సంగతి చెప్తాను. గనుల భద్రత మీ చేతిలో లేదు, కేంద్రం కింది గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) చూస్తుంది. అయినా మీరు వినాలి, ఎందుకంటే సింగరేణి బొగ్గు కంపెనీలో 51 శాతం వాటా మీ ప్రభుత్వానిదే. యజమానికి చట్టం పాటించడంలో సాయం చేయడమంటే ఎలా ఉంటుందో చూడటానికి మీరు విదేశీ పర్యటనలు చేయనక్కర్లేదు. హైదరాబాద్‌లో రైలెక్కి మంచిర్యాలలో దిగితే చాలు.

గనిలోకి కొత్తగా వచ్చినవాణ్ణి నేరుగా దింపరు. ముందు వృత్తి శిక్షణ కేంద్రానికి (వీటీసీ) పంపుతారు. 1966 నాటి వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ పూర్తయ్యాకే పని. షిఫ్టు మొదట్లో సర్దార్ తనకు అప్పగించిన భాగమంతా (డిస్ట్రిక్ట్) తిరిగి కప్పు తట్టి చూస్తాడు. మోగే తీరును బట్టి అది గట్టిగా ఉందో, బోలుగా ఉందో చెవికి తెలుస్తుంది. గ్యాస్ చూస్తాడు, గాలి చూస్తాడు. షిఫ్టు అయ్యాక రిపోర్టు తన చేతి రాతతో రాస్తాడు. తర్వాతి షిఫ్టు సర్దార్ దాన్ని చదివి సంతకం పెట్టాకే లోపలికి పోతాడు. అతని పైన ఓవర్‌మెన్, ఆ పైన అండర్ మేనేజర్, మేనేజర్. ప్రతి ఒక్కరూ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లే. పిట్ సేఫ్టీ కమిటీలో కార్మికులు కూర్చుంటారు. కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ గని తిరిగి లోపాలు రాస్తాడు. 2017 బొగ్గు గనుల రెగ్యులేషన్స్ వచ్చాక ప్రతి గనికీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలన్నారు. ఎక్కడ ఏ ముప్పు ఉందో, దానికి ఏం చేస్తారో ముందే రాసుకోవాలి.

1957 రెగ్యులేషన్స్ పోయి 2017వి వచ్చినప్పుడు గని మేనేజర్‌ను ఎవరూ "పోర్టల్ చూసుకో" అనలేదు. ఏది మారిందో విడమరిచి చెప్పడానికి కంపెనీలో సేఫ్టీ విభాగం ఉంది, ఏరియాకో సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడు, డీజీఎంఎస్ సర్క్యులర్లు ఉన్నాయి. మేనేజర్ తప్పు చేస్తే పని ఆపించే అధికారమూ డీజీఎంఎస్‌కు ఉంది. 1952 గనుల చట్టం 22వ సెక్షన్ పేరెత్తితే కోల్‌బెల్ట్‌లో ఏ మేనేజరైనా సర్దుకుని కూర్చునేవాడు. చెప్పడం, తనిఖీ చేయడం, ఆపడం మూడూ ఉన్నప్పుడే మొదటిదానికి విలువ.

ఇన్ని ఉన్నా గనిలో చావులు ఆగాయా అని మీరు అడగవచ్చు. ఆగలేదు. 2021 నవంబర్ 10న ఇదే శ్రీరాంపూర్ ఏరియాలో, ఎస్సార్పీ-3 గనిలో కప్పు కూలి నలుగురు చనిపోయారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మందిని మింగాయి. 2020 జూన్ 2న రామగుండం ఓసీ-1 ఉపరితల గనిలో పేలుడు జరిగి పోయిన నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. ఆ చివరిది గమనించండి. గనిలో కట్టుదిట్టం ఎక్కడ పలచబడుతుందంటే గుత్తేదారు చేతికి పని పోయిన చోట. పర్మినెంటు కార్మికుడి చుట్టూ ఉన్న ఆ వరుస మనుషులు, బొగ్గు మీది మట్టి (ఓబీ) ఎత్తే కాంట్రాక్టు మనిషి దగ్గరికి వచ్చేసరికి సన్నబడతారు. కొత్త కోడ్‌లో కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్యను 20 నుంచి 50కి పెంచారు. నలభై మందితో పనిచేసే గుత్తేదారుకు ఇక ఆ అధ్యాయం పట్టదు. పలచగా ఉన్న చోటే ఇంకా పలచన చేశారంటే ఏమనుకోవాలి?

అయినా గనికీ బయటికీ ఒక తేడా ఉంది. గనిలో ప్రాణం పోతే లెక్క ఉంటుంది. డీజీఎంఎస్ వస్తుంది, విచారణ జరుగుతుంది, యూనియన్లు గేటు ముందు మీటింగు పెడతాయి, మర్నాడు పేపర్లో జిల్లా పేజీ నిండుతుంది. ఎక్కడ తప్పు జరిగిందో రాసిన కాగితం ఒకటి మిగులుతుంది. అదే గేటుకు రెండు కిలోమీటర్ల దూరంలో స్లాబు మీంచి పడినవాడి సంగతి? పెద్దమనుషులు కూర్చుంటారు. లక్షో రెండు లక్షలో తెగుతుంది. వలస వచ్చినవాడైతే శవాన్ని ఊరికి పంపే అంబులెన్సు కిరాయి కూడా అందులోనే. వాడు ఎలా పడ్డాడో ఎవరూ రాసుకోరు కనుక, వచ్చే నెల ఇంకొకడు అలాగే పడతాడు. పంచాయితీలో తెగిన ఆ చావులు మీ శాఖ వార్షిక నివేదికలో ఏ గడిలో ఉంటాయి?

మీ పక్షాన మాట్లాడేవాళ్లు చెప్పేది నేను విన్నాను. పాత రోజుల్లో ఇన్‌స్పెక్టర్ వస్తే రిజిస్టరు చూసేవాడు కాదు, కవరు చూసేవాడు. ఇన్‌స్పెక్టర్ రాజ్ పోవాలనే ఆన్‌లైన్ తనిఖీ, ఎవరిని తనిఖీ చేయాలో కంప్యూటర్ తీసే లాటరీ, యజమాని తన గురించి తానే సంతకం పెట్టే స్వీయ ధ్రువీకరణ తెచ్చామంటారు. లంచం సంగతి కాదనను. ఊళ్లో ఏ షాపువాణ్ణి అడిగినా ఓ కథ చెప్తాడు. కానీ లంచం తీసుకునే మనిషికి బదులు నిజాయితీ గల మనిషి రావాలి. మనిషే రాకుండా చేస్తే లంచం పోయిందో లేదో తెలియదు గానీ, గ్రైండర్‌కు గార్డు ఉందో లేదో చూసేవాడు మాత్రం పోయాడు. యంత్రాలకు అడ్డుకంచె ఉండాలన్న మాట 1948 చట్టంలో 21వ సెక్షన్‌గా చట్టంలోనే ఉండేది. కొత్త కోడ్‌లో అలాంటి వివరాలను చాలావరకు నిబంధనలకు, ప్రమాణాలకు వదిలేశారు. అవి ఎప్పటికప్పుడు మారతాయి. మారిన ప్రతిసారీ గేటు గ్రిల్ షాపువాడు గెజిట్ తిరగేస్తాడని మీరు నిజంగా నమ్ముతున్నారా?

కొత్త కోడ్ మీ అధికారికి ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అని పేరు పెట్టింది. తనిఖీ చేయడంతో పాటు చట్టం ఎలా పాటించాలో యజమానికీ, కార్మికుడికీ సమాచారం, సలహా ఇవ్వడం కూడా ఆయన పని అని రాసింది. ఇందులో ఇష్టముంటే చేసే ఉపకారమేమీ లేదు, జీతం తీసుకుని చేయాల్సిన ఉద్యోగం. మరి మంచిర్యాల జిల్లాలో ఆ ఉద్యోగి ఎవరు, ఎక్కడ కూర్చుంటారు, ఏ రోజు దొరుకుతారు? దీనికి జవాబు ఒక బోర్డు మీద రాసి పెట్టడం కష్టమా?

పరిశ్రమ పెట్టేవాడికి సాయం చేయడం మన రాష్ట్రానికి చేతకాదని ఎవరూ అనలేరు. టీఎస్ ఐపాస్ చట్టం 2014లోనే తెచ్చారు. భారీ ప్రాజెక్టుకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులన్నారు. గడువు దాటితే అధికారిని నిలదీసే ఏర్పాటు పెట్టారు. చాలా బాగుంది. షట్టరు ఎత్తడానికి గడువు పెట్టినవాళ్లు, షట్టరు లోపల పనిచేసేవాడి ఊపిరితిత్తులకు, వేళ్లకు, కళ్లకు ఏ గడువూ పెట్టలేదెందుకు? "నా షాపులో ఏం సరిచేయాలో చెప్పండి" అని యజమాని దరఖాస్తు పెట్టుకుంటే 15 రోజుల్లో ఒక మనిషి రావాలన్న నియమం ఎక్కడుంది?

స్వీయ ధ్రువీకరణ పేరుతో పెద్ద కంపెనీల మీద ఇంత నమ్మకం ఉంచడం వల్ల ఏమవుతుందో 2025 జూన్ 30న పాశమైలారంలో చూశాం. సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు, మన తెలుగువాళ్లు అక్కడే బూడిదయ్యారు. వాళ్ల డీఎన్ఏ పరీక్షలు ఇంకా సాగుతుండగానే, జులై 5న మీ శాఖ నుంచి ఒక జీవో వచ్చింది. వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, ఓవర్‌టైం మూడు నెలలకు 144 గంటల దాకా ఉండవచ్చని. అది ఫ్యాక్టరీలకు కాదు, తెలుసు. వారానికి 48 గంటల పరిమితి ఉంచారనీ తెలుసు. కానీ ఆ అయిదు రోజుల్లో మీ బల్ల మీద అన్నిటికన్నా తొందర ఫైలు అదేనా? యజమానికి వెసులుబాటు ఇవ్వడంలో చూపిన వేగం, యజమానికి భద్రత నేర్పడంలో ఎప్పుడైనా చూపారా? పైకి రెండూ యజమానికి సాయం లాగే ఉంటాయి. మొదటిది అతని ఖర్చు తగ్గిస్తుంది. రెండోది అతని చేత ఖర్చు పెట్టిస్తుంది. అందుకేనేమో మొదటిదానికి జీవోలు తొందరగా వస్తాయి.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. యజమానులకు సాయం చేయమని అడుగుతున్నానంటే సడలింపు అడుగుతున్నానని కాదు. పెద్ద కంపెనీకి సలహాదారులున్నారు, వకీళ్లున్నారు, 500 మంది దాటిన ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ ఉండి తీరాలని కోడే చెబుతోంది. పాత చట్టంలో అది 1,000 మందికి ఉండేది, తగ్గించడం మంచి పనే. ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250 మందికే ఉండాలన్నారు, అదీ మంచిదే. అలాంటివాళ్లకు కావాల్సింది చెప్పకుండా వచ్చే తనిఖీ, తప్పు దొరికితే తాళం. భోపాల్‌లో 1984లో వేల మంది పోయాక 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేర్చారు. దాన్ని రాసినవాళ్లకు పెద్ద కంపెనీ స్వీయ సంతకం విలువ ఎంతో బాగా తెలుసు. నేను అడిగే చేయూత యాభై మంది లోపు పనిచేసే చోటికి. అక్కడ యజమానే మేనేజరు, యజమానే సేఫ్టీ ఆఫీసరు, కరెంటు పోతే యజమానే ఎలక్ట్రీషియన్.

ఇది కుదరని పని కూడా కాదు. వ్యాపారుల దేశమైన అమెరికాలోనే చిన్న, మధ్యతరహా సంస్థలకు పనిచోటికి వచ్చి ఉచితంగా సలహా ఇచ్చే ఏర్పాటు 1970ల నుంచి నడుస్తోంది. యజమాని పిలిస్తే నిపుణుడు వస్తాడు, లోపాలు చూపిస్తాడు. చూసింది తనిఖీ విభాగానికి చేరవేయడు, జరిమానా వేయడు. ఒక్కటే షరతు: తీవ్రమైన ముప్పు అని చెప్పినదాన్ని గడువులోగా సరిచేస్తానని యజమాని ముందే ఒప్పుకోవాలి. చేయకపోతే అప్పుడు కేసు. జపాన్‌లో యాభై మంది లోపు పనివాళ్లున్న చోట్లకు ఆరోగ్య సలహా ఉచితంగా ఇచ్చే ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఆ దేశాలతో మనకు పోలికా అనకండి. వాళ్లకు లేనిది మా దగ్గర ఒకటుంది.

నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి. ఈ కాలనీల్లో రిటైరైన సర్దార్లు, ఓవర్‌మెన్లు, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్లు, రెస్క్యూ శిక్షణ పొందినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీరు ఎప్పుడైనా లెక్క తీశారా? సాయంత్రం కాగానే గ్రౌండ్ చుట్టూ నడుస్తూ, బీపీ, షుగర్ గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ముప్పై ఏళ్లు ముప్పును వాసన పట్టడమే ఉద్యోగంగా చేసినవాళ్లు. కేబుల్ ఎక్కడ తెగిపోయిందో, ప్రాప్ ఎక్కడ ఒరిగిందో గుమ్మంలో నిలబడి చెప్పగలరు. గని వేరు, వెల్డింగ్ షాపు వేరు, ఒప్పుకుంటాను. నెల రోజులు మీరు శిక్షణ ఇవ్వండి, గుర్తింపు కార్డు, దారి ఖర్చులు, కొంత గౌరవ వేతనం ఇవ్వండి. తనిఖీ అధికారం ఇవ్వకండి, సలహా ఇచ్చే హక్కు మాత్రం ఇవ్వండి. కవరు ఆశించే అవసరం లేని పెన్షనర్లు వీళ్లు. అయినా అనుమానముంటే ఇద్దరిద్దరిగా పంపండి.

సింగరేణి వీటీసీల తలుపులు బయటివాళ్లకు కొంచెం తెరవండి. సెంట్రింగ్ మేస్త్రీలకు, గ్యాస్ కట్టర్లకు, రైస్ మిల్లు ఆపరేటర్లకు రెండు మూడు రోజుల శిక్షణ పెట్టమని మీ ప్రభుత్వం, 51 శాతం యజమాని హోదాలో, చెబితే కంపెనీ కాదంటుందా? మంచిర్యాలలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. ఏటా ఆరోగ్య పరీక్ష చేయించమని చిన్న యజమానికి చెప్పి వదిలేస్తే అతను దగ్గర్లోని ల్యాబ్‌కు పంపి షుగర్ టెస్టు రశీదు దాచుకుంటాడు. క్రషర్ దుమ్ము పీల్చేవాడికి కావాల్సింది ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష. వెల్డర్‌కు కళ్ల పరీక్ష, మిల్లులో పనిచేసేవాడికి వినికిడి పరీక్ష. ఏ పనికి ఏ పరీక్ష చేయాలో నిర్ణయించి, నెలకో రోజు చిన్న సంస్థల పనివాళ్లకు ఆ కాలేజీలోనే చేయిస్తే, యజమాని కట్టాల్సింది నామమాత్రపు రుసుము. రాతి దుమ్ము తెచ్చే సిలికోసిస్ ఒకసారి పట్టిందంటే మందు లేదు. దాన్ని క్షయ అనుకుని మందులు వాడుతూ పోయినవాళ్లు రాతి పనిచేసే ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు.

మిగిలింది కాగితం పని. పని రకానికొకటి చొప్పున, ఒకే ఒక్క పేజీ, తెలుగులో రాయించండి. గాజు తలుపుల వెనక తయారయ్యే తెలుగు కాదు, షాపువాడు చదివితే అర్థమయ్యే తెలుగు. ఏది తప్పనిసరి, ఏది మారింది, ఎప్పటి నుంచి, ఎవరిని అడగాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లకు ఒడియాలో, కట్టుబడికి వచ్చే బిహార్ వాళ్లకు హిందీలో. నిబంధన మారినప్పుడల్లా ఆ పేజీ మార్చి, పైన తేదీ వేసి మళ్లీ పంచండి. చిన్న యజమానుల సంఘాలకు, హమాలీ సంఘాలకు, యూనియన్ ఆఫీసులకు ఇస్తే వాళ్లే గోడకు అంటించుకుంటారు.

సిబ్బంది లేరని మీరంటారు. నమ్ముతాను. ఖాళీలు నింపమని అడగడం మీ పని, ఆర్థిక శాఖతో పోట్లాడటం మీ పని. ఆ పోట్లాటలో మాలాంటివాళ్ల సంతకాలు అవసరమైతే చెప్పండి, సీసీసీ నుంచి శ్రీరాంపూర్ దాకా తిరిగి సేకరించి పంపుతాం. కానీ సిబ్బంది లేకపోవడం వల్లే పోర్టల్ పెట్టామని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలును సంస్కరణ అని పిలవకండి.

చివరగా అడిగేది ఒక్కటే, ఇది చిన్నది. జిల్లా కలెక్టరేట్ కొత్త భవనం మా నస్పూర్‌లోనే ఉంది. 2023 జూన్‌లో ప్రారంభించారు, గదులకు కొదవ లేదు. ప్రతి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి జనం ఎలాగూ వస్తారు. ఆ రోజే ఒక గదిలో మీ ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్‌ను కూర్చోబెట్టండి. తలుపు మీద "మీ పనిచోట భద్రత గురించి అడగండి, కేసు పెట్టం" అని రాయించండి. మొదటి సోమవారం ఎవరూ రాకపోవచ్చు, రెండోసారీ రాకపోవచ్చు. మూడోసారికి కనీసం నలుగురు షాపు యజమానులను వెంటబెట్టుకుని నేను వస్తాను. మొదటి ప్రశ్న నేనే అడుగుతాను: పదిహేను మంది పనిచేసే వెల్డింగ్ షాపు ఫ్యాక్టరీయా, కాదా, కాకపోతే ఆ గ్రైండర్‌కు గార్డు పెట్టించే పూచీ ఎవరిది?

తేదీ చెప్పండి.

ఇట్లు,
నస్పూర్ నివాసి, విశ్రాంత గని ఉద్యోగి